వన్స్‌మోర్ అడగనక్కర్లేని పద్యం

(ఘంటసాల వర్ధంతి సందర్భంగా నరసరావుపేటలో చేసిన స్మారకోపన్యాసం)

ఘంటసాల గారి పెద్ద హిట్ పాటల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సరేనన్నాను గానీ, కూర్చుని రాసుకోబోతే మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాను. హిట్టంటే ఏది? సినిమా వాళ్లకి ఆడిన రోజుల లెక్క. రికార్డు కంపెనీకి అమ్ముడుపోయిన ప్లేట్ల లెక్క. రేడియో వాళ్లకి వచ్చిన ఉత్తరాల లెక్క. ఆ లెక్కలు చదవడానికైతే నేను ఇంత దూరం రానక్కర్లేదు, మీరు ఇంత ఎండలో రానక్కర్లేదు. పైగా పలనాటికి తన లెక్క తనకుంది. ఇక్కడ ఒక పాట వందల ఏళ్లుగా ఆడుతోంది, ఇంకా ఎత్తెయ్యలేదు.

కార్తీక అమావాస్యకి కారెంపూడి వెళ్లినవాళ్లు ఈ సభలో చాలామంది ఉంటారు. నాగులేటి ఒడ్డున ఐదు రోజులు వీరుల తిరునాళ్ల. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరవిద్యావంతులనే గాయకులు పలనాటి వీరుల కథ పాడతారు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, అలరాజు, బాలచంద్రుడు, మాంచాల, అంతా అందరికీ తెలిసిన కథే. ఎవరు చస్తారో, ఎక్కడ చస్తారో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. అయినా నిలబడి వింటారు. శ్రీనాథుడు దాన్ని ద్విపదలో రాశాడు. పలనాటి జొన్నకూడునీ రాళ్లనీ చాటువుల్లో తిట్టుకున్నది కూడా ఆయనే. కూడు నచ్చలేదు గానీ కథ నచ్చిందన్నమాట. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ ఇక్కడి గాయకుడు అలిసెట్టి గాలెయ్య పాడింది రికార్డు చేసుకుని, అనువదించి, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా వేశాడు. అంతకు ఎన్నో తరాల ముందే, వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో, ఓరుగల్లు వీధిలో ఒకామె పలనాటి వీరుల పాట పాడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి వింటారు. కాకతీయుల రాజధానిలో మన ఊరి పాట! అప్పటికి ప్లేటూ లేదు, రేడియో లేదు.

ఆ పాట ఇంతకాలం ఎందుకు ఆడిందంటే, దానికి ఊళ్లో ఒక పని ఉంది. చనిపోయిన వీరులకి ఏటా చెయ్యాల్సిన కార్యం అది. పాడకపోతే కార్యం ఆగిపోతుంది. కాబట్టి ఈ రోజు నేను తీసుకునే కొలత ఇదే: జనం ఏ పాటకి ఒక పని అప్పజెప్పారో అది హిట్టు. ఈ కొలతతో ఘంటసాల పాటల్ని తూచితే, పత్రికల్లో వచ్చే 'పది మధుర గీతాలు' జాబితాలన్నీ తారుమారవుతాయి. పైకి వచ్చేవాటిలో చాలావరకు సినిమా పాటలు కావు. పద్యాలూ శ్లోకాలూ దేవుడి పాటలూ. ఎందుకలా జరిగిందనేదే నా ఉపన్యాసం.

దానికి ముందు, ఘంటసాల రాకముందు ఇక్కడి చెవి ఎలా ఉండేదో చెప్పాలి.

రాత్రి తొమ్మిదికి నాటకం అంటే పదిన్నరకి తెర లేస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర. పట్టాలు పరుచుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, 'కాటి సీను వచ్చినప్పుడు లేపండి' అని పెద్దవాళ్లు కూడా ఒరుగుతారు. కాటి సీను తెల్లవారుజామున వస్తుంది. హరిశ్చంద్రుడు కర్ర భుజాన వేసుకుని వస్తాడు, హార్మోనియం శ్రుతి అందిస్తుంది, పద్యం మొదలవుతుంది. పద్యం నిమిషంలో అయిపోతుంది. రాగం మాత్రం అవదు. చివరి అక్షరం మీద నిలబడి ఆయన ఎక్కడెక్కడికో వెళ్లి వస్తాడు. కింద జనం ఊపిరి బిగబట్టి, దిగగానే 'వన్స్‌మోర్' అని అరుస్తారు. శవం పక్కన ఏడుస్తున్న చంద్రమతి కళ్లు తుడుచుకుని ఓ పక్కకి జరిగి నిలబడుతుంది. చదివింపులు: ఫలానా వారు పది రూపాయలు, ఫలానా వారు ఇరవై. మళ్లీ అదే పద్యం, ఈసారి రాగం ఇంకాస్త పొడుగు. నటుడి సత్తా రాగం పొడుగులో ఉండేది. మనం అలా వినడం నేర్చుకున్నాం. అందులో తప్పేమీ లేదు, అదొక మహా వైభవం. ఆ గొంతులు మైకు లేని రోజుల్లో ఆఖరి వరసకి అందడానికి తయారైన గొంతులు.

ఆ కాటి సీనులోనే పలనాటివాడొకడు దొంగదారిన కాదు, దొరలా వచ్చి కూర్చున్నాడు. గుర్రం జాషువా, 1895లో వినుకొండలో పుట్టినవాడు. శ్మశానం మీద ఆయన రాసిన పద్యాలు ఆ నాటకం కోసం రాసినవి కావు. నటులే తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. బలిజేపల్లి వారి పద్యాల మధ్య అవి ఎంత బాగా ఇమిడిపోయాయంటే, నాటకం పుస్తకంలో లేవని చెప్తే నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కవి కలమూ, ఇల్లాలి నగలూ, రాజు ముద్రికా అన్నీ ఒకే మట్టిలో కలిసే చోటు గురించి ఆ పద్యాలు. వినుకొండలో ఒక అవధాన సభలో, నువ్వు ఫలానా కులంవాడివి ఇక్కడికెలా వచ్చావని ఆయన్ని అవమానించారు. ఆ మనిషి పద్యానికి ఊరూరా అన్ని కులాలవాళ్లూ కలిసి వన్స్‌మోర్ కొట్టారు. కొట్టినవాళ్లలో ఎంతమందికి కవి పేరు తెలుసో! హిట్టు పాటకి ఉన్న దుర్మార్గమైన లక్షణం అది. పాడినవాడి పేరు నిలబెడుతుంది, రాసినవాడి పేరు మింగేస్తుంది.

ఇంకో సరదా సంగతి. పద్యాల్లో రెండో మహా హిట్టు రాయబారం సీను. అది తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాల లోది. వాళ్లకీ కొప్పరపు కవులకీ ఎంత వైరమో సాహిత్యం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కొప్పరం మన నరసరావుపేట పక్క ఊరు. ఊరి అభిమానంతో చూస్తే మనవాళ్లు కొప్పరపు కవుల పక్షాన ఉండాలి. ఉన్నారు కూడా, సభల్లో. నాటకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం శత్రుపక్షం పద్యాలకే చదివింపులు చదివించారు. కారెంపూడిలో రెండో రోజు కూడా రాయబారమే, అలరాజు రాయబారం. సంధి కోసం వెళ్తే అది చెడిపోయే కథ అంటే ఈ నేలకి మొదటి నుంచీ ప్రీతి కాబోలు.

ఈ చెవి దగ్గరికి ఘంటసాల వచ్చాడు.

ఆయన జీవితం మీకు తెలుసు, గబగబా చెప్తాను. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ గారు తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు; తండ్రి పాటకి చిన్నప్పుడు అడుగులు వేసేవాడు కొడుకు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. విజయనగరం వెళ్లి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చేరి, జోలె కట్టి మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నారు. 1942 ఉద్యమంలో పాల్గొని బళ్లారి దగ్గర అలీపురం జైలుకి వెళ్లారు. సముద్రాల రాఘవాచార్యులు గారి ఊతంతో మద్రాసు చేరారు. 1945లో స్వర్గసీమలో భానుమతి పక్కన గొంతు వినిపించింది. ఇదంతా అయిదు నిమిషాల డాక్యుమెంటరీ. మనకి పనికొచ్చేది ఇందులో ఒక్కటే: ఈ మనిషి నాటకం స్టేజీ మీద తయారైన గొంతు కాదు. భజన దగ్గరా, గురువు అరుగు మీదా తయారైంది. ఎదురుగా మనిషి ఉన్నట్టు పాడే గొంతు.

ఆ రోజుల్లో మైకు ముందుకి వచ్చిన స్టేజీ గొంతులు చాలా ఇబ్బంది పడ్డాయి. పెద్దగా పాడితే పగిలిపోయేది, తగ్గించి పాడితే ప్రాణం పోయేది. పలనాటి యుద్ధం సినిమా 1947లో వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలో కాలం చేస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. అందులో బాలచంద్రుడు అక్కినేని, ఆయన పాట ఆయనే పాడుకున్నారు. మరుసటి ఏడు బాలరాజు. అందులోనూ ముందు అక్కినేని గొంతుతోనే ఒక పాట రికార్డు చేసి, తరవాత అదే పాట ఘంటసాల చేత పాడించి అదే ఉంచారు. అక్కినేని గొంతుకి ఆ తరవాత దాదాపు సెలవు. మన బాలచంద్రుడు తన గొంతుతో పాడుకున్న ఆఖరి రోజులవి అనుకుంటే కాస్త గమ్మత్తుగా ఉంటుంది. 1966లో మళ్లీ పలనాటి యుద్ధం తీశారు. బ్రహ్మనాయుడుగా రామారావు, నాగమ్మగా భానుమతి. అప్పటికి రామారావుకైనా నాగేశ్వరరావుకైనా పాట అంటే ఒకే గొంతు. ఇద్దరు హీరోల అభిమానులు వాల్‌పోస్టర్ల మీద పేడ కొట్టుకుంటున్న రోజుల్లో కూడా ఆ గొంతు విషయంలో తగాదా రాలేదు.

సినిమా హిట్ల సంగతి ఇక్కడే తేల్చేస్తాను. 1949లో కీలుగుర్రం, మనదేశం, తరవాత షావుకారు, పాతాళభైరవి, పెళ్లిచేసి చూడు, ఇవన్నీ ఆయన సంగీతం. 1957లో మాయాబజార్. అందులో వెన్నెల పడవ పాటతో కలిపి నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి, మిగిలిన పనంతా ఘంటసాలది. ఆ పడవలో అభిమన్యుడూ, కృష్ణుడూ, బలరాముడూ జంటలు మారి ఎక్కుతారు, గొంతు మాత్రం ఒకటే. అయినా సరే, ఒక గొంతులోనే కుర్రతనమూ, కొంటెతనమూ, కాస్త వయసు మళ్లిన దర్జా మూడూ వినపడతాయని నేను ఎవరితోనైనా వాదిస్తాను. పి.లీల గారి వంతు కూడా అంతే. 1961లో జగదేకవీరుని కథ. పెండ్యాల గారి దర్బారీ కానడ, పింగళి వారి మాట, 'శివశంకరి'. దానికీ జనం ఒక పని అప్పజెప్పారు: పరీక్ష పెట్టడం. పెళ్లి ఆర్కెస్ట్రా గాయకుడైనా, టీవీ పోటీకి వచ్చిన పిల్లాడైనా 'అది పాడు చూద్దాం' అనడానికి ఉంచుకున్నారు. గొప్ప పాటే. కానీ నా మటుకు నాకు అది నాటకం స్టేజీకి ఘంటసాల చెల్లించిన బాకీలా వినిపిస్తుంది. నేనూ రాగం తియ్యగలను సుమా అని ఒకసారి చూపించి వదిలేశాడు.

దేవదాసు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1953. సి.ఆర్.సుబ్బరామన్ సంగీతం. సినిమా విడుదల కాకముందే ఆయన పోయారు, మిగిలింది విశ్వనాథన్ పూర్తిచేశారు. తాగినవాడు పాడే పాటలు. తాగినవాడంటే స్టేజీ మీద ఏం చేస్తారు? నాలుక మడత పెడతారు, అక్షరాలు నమిలేస్తారు, ఎక్కిళ్లు పెడతారు. ఘంటసాల ఆ పని చెయ్యలేదు. 'జగమే మాయ' మళ్లీ ఒకసారి వినండి. ప్రతి అక్షరం కడిగినట్టు ఉంటుంది. తూలేది ఊపిరి. వాక్యం చివరికి వచ్చేసరికి గాలి కొంచెం ముందే అయిపోయినట్టు, మాట వెనక నిలబడటానికి మనిషికి ఓపిక చాలనట్టు వదిలేస్తాడు. మాటకి ఏ హానీ చెయ్యకుండా మనిషిని పాడు చేసి చూపించాడు. ఇది సామాన్యమైన పని కాదు. ఇదే పని ఆయన పద్యానికి కూడా చేశాడు, తిరగేసి.

పద్యం దగ్గరికి వద్దాం.

సీసపద్యం తీసుకోండి. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, అలాంటి పాదాలు నాలుగు, చివర ఎత్తుగీతి. స్టేజీ మీద సీసం పాడేటప్పుడు పాదం విరిగిన చోట, యతి పడ్డ చోట ఆగేవారు. అర్థం ఎక్కడ విరుగుతుందన్నది రెండో సంగతి. సమాసం మధ్యలో తెగినా రాగంలో కొట్టుకుపోయేది. ఎత్తుగీతి ఆఖరి అక్షరం దగ్గర అసలు కచేరీ మొదలయ్యేది. ఘంటసాల దీన్ని మొదటి నుంచి చివరికి మార్చేశాడు. ముందు చిన్న ఆకారం తీసి రాగం పరిచయం చేస్తాడు, అంతే. తరవాత పద్యాన్ని చెప్తాడు. పాడుతూ చెప్తాడు. ఆపు అర్థం దగ్గర వేస్తాడు. ప్రశ్న ఉన్న చోట గొంతు ప్రశ్నలాగే లేస్తుంది. ద్విత్వాన్ని ద్విత్వంగా, మహాప్రాణాన్ని మహాప్రాణంగా పలుకుతాడు. చివర రాగం ఉంటుంది, కానీ అది తలుపు వేసినంత సేపే.

దీనికి ఆయన ప్రతిభ ఎంత కారణమో, నల్ల ప్లేటు కూడా అంతే కారణం. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ లక్క ప్లేటు మీద ఒక పక్కకి మూడు నిమిషాలు, మహా అయితే ఇంకో అరనిమిషం పడుతుంది. రాగం పొడిగిస్తే పద్యం తెగుతుంది. ఇంకొకరైతే ఇది కట్టడి అని బాధపడేవారు. ఆయన ఆ మూడు నిమిషాల్లోనే ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇంట్లో బడే గులాం అలీఖాన్ లాంటి మహానుభావుడికి ఆతిథ్యం ఇచ్చినవాడు, ఆ గానం గంటలు గంటలు విన్నవాడు. రాగాన్ని ఎంత దూరం తీసుకెళ్లవచ్చో తెలియక మానుకున్నాడని ఎవరూ అనలేరు. తెలిసి మానుకున్నాడు.

'పుష్పవిలాపం' ఆ మానుకోవడంలోంచి వచ్చింది. రాసింది కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, గుంటూరు జిల్లా కొమ్మూరు మనిషి, గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు చెప్పినాయన. పొద్దున్నే పూజకి పూలు కొయ్యబోతే పూలు నోరు విప్పి నిలదీస్తాయి. కథ అంతే. సినిమా లేదు, హీరో లేడు, హీరోయిన్ లేదు. రికార్డు వచ్చింది. ఇక చూడండి.

మైక్ సెట్టు పెట్టేవాడి దగ్గర రేకు పెట్టెలో నలభై యాభై ప్లేట్లు ఉండేవి. వేపచెట్టుకి గొట్టం కట్టి, కింద బల్ల మీద గ్రామఫోను. పాటకో ముల్లు మార్చాలి గానీ, ఖర్చని ఒకే ముల్లు మూడు నాలుగు ప్లేట్లకి లాగించేవారు. పెళ్లివారు సన్నాయి పాట పెట్టమంటారు, కుర్రాళ్లు కొత్త సినిమా పెట్టమంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, విస్తళ్లు ఎత్తేశాక, ఆడవాళ్ల వైపు నుంచి ఒక కబురు వస్తుంది: ఆ పూల పద్యాలు పెట్టమను. పెళ్లిలో ఏడుపు పద్యాలేమిటని ఎవరూ అడగరు. ప్లేటు రెండు పక్కలా అయిపోతుంది. మళ్లీ పెట్టమంటారు. మైక్ సెట్టువాడు ప్లేటు తిప్పి ముల్లు మొదటి గీత మీద పెడతాడు. నాటకంలో వన్స్‌మోర్ కొడితే నటుడు ప్రతిసారీ వేరేగా పాడతాడు. ఈసారి ఏం చేస్తాడో అని ఎదురు చూస్తాం. ప్లేటు ఎన్నిసార్లు పెట్టినా అదే పద్యం, అదే ఆపు, అదే ఊపిరి. అందుకనే జనానికి నోటికి వచ్చేసింది. ఛందస్సు తెలియనివాళ్లు ఉత్పలమాల ఒప్పజెప్పారు. బడి వార్షికోత్సవంలో, లంగా ఓణీ వేసుకుని చేతిలో సజ్జ పట్టుకున్న ఆడపిల్ల ఆ పద్యాలకి అభినయం చెయ్యని ఊరు జిల్లాలో ఉందా? 'కుంతీకుమారి' కూడా అదే దారిలో వచ్చింది. పెళ్లికాని తల్లి బిడ్డని నీళ్లలో వదిలే ఆ పద్యాలు విని, నోరెత్తి ఏమీ అనకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లని నేను చూశాను. కరుణశ్రీ పద్యం తేలిక, కన్నీళ్లు అమ్ముకుంటుంది అని విమర్శకులు అంటారు. అననివ్వండి. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. జాషువా పద్యం పక్కన పెడితే దానికి ఎముక తక్కువ. కానీ ఘంటసాల గొంతు ఆ కన్నీటిని ఎక్కడా ఒలకనివ్వలేదు. కవి ఏడ్చిన చోట కూడా గాయకుడు నిబ్బరంగా ఉన్నాడు.

దీనికి ఎదురు వాదం ఉంది, నాటకాల వాళ్ల దగ్గర. అది న్యాయమైనదే, ఇక్కడ చెప్పి తీరాలి. ఘంటసాల వచ్చాక పల్లెటూళ్లలో కృష్ణుడి వేషగాళ్లు కూడా ఘంటసాల బాణీలో పాడటం మొదలుపెట్టారు. 1967లో శ్రీకృష్ణావతారంలో రాయబారం పద్యాలు ఆయన పాడాక, ఆ పద్యం ఇలాగే పాడాలి అని ఒక అచ్చు పడిపోయింది. ఈలపాట రఘురామయ్య ఒకలా, పీసపాటి నరసింహమూర్తి ఒకలా, షణ్ముఖి ఆంజనేయరాజు ఒకలా, ఏ.వి.సుబ్బారావు ఒకలా పాడిన పద్యం అది. ఒక్కొక్కరిదీ ఒక్కో ఇల్లు. ఆ ఇళ్లన్నీ ఖాళీ చేయించి అందర్నీ ఒకే మేడలోకి చేర్చాడు అంటారు వాళ్లు. రఘురామయ్య ఈల పద్యం చివర ఎంత దూరం పోయేదో విన్నవాళ్లకి ఈ నష్టం తెలుస్తుంది. ఘంటసాల తప్పేమీ లేదు, అనుకరించినవాళ్లది తప్పు అని తప్పించుకోవచ్చు. నేను అలా అనను. పెద్ద హిట్టు ఏదైనా చుట్టూ ఉన్న చిన్న బాణీల్ని తినే పెరుగుతుంది. కాకపోతే ఇంకో పక్కన, నాటకం పోయిన ఊళ్లలో పద్యం మిగిలిందంటే ఆ ప్లేట్ల వల్లే మిగిలింది.

ఇంకొక హిట్టు. దీన్ని సంగీతం వాళ్లు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టూరింగ్ టాకీసు ఉన్న ఊళ్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దు గూకుతుంది, గొడ్లు ఇంటికి వస్తాయి. డేరా మీద కట్టిన గొట్టంలోంచి ఘంటసాల వెంకటేశ్వరస్వామి పాట లేస్తుంది. అంటే టిక్కెట్లు ఇస్తున్నారు. అది విని ఇల్లాళ్లు పొయ్యి మీంచి ఎసరు దింపేవారు, ఇంకా పాడి తియ్యనివాడు గాబరా పడేవాడు. పక్క ఊరి వాళ్లు పొలం గట్ల వెంబడి పరిగెత్తేవారు, పాట అయిపోతే ఆట మొదలవుతుందని. లోపల ఆడేది ఏ సినిమా అయినా, కాంతారావు కత్తియుద్ధమైనా, బయట పాట మాత్రం స్వామిదే. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యంలో ఘంటసాల స్వయంగా తెర మీద కూర్చుని స్వామి ముందు పాడతారు. జనం ఆ ముఖం చూశారు. అంతకు ముందూ తరవాతా మాత్రం ఆ గొంతు గడియారంలా పనిచేసింది. భక్తి పాట భక్తికే పనికిరావాలని ఎక్కడుంది? సాయంత్రం ఆరున్నర అయిందని చెప్పడం కూడా పుణ్యమే.

కోటప్పకొండ తిరునాళ్లలో ఆ గొంతు విన్న తీరు వేరు. చిలకలూరిపేట వైపు నుంచి విద్యుత్ ప్రభలు వచ్చి కొండ కింద నిలబడతాయి. ఎనభై తొంభై అడుగుల ఎత్తు, ఒళ్లంతా రంగు బల్బులు, వెనక జనరేటర్ల హోరు. ఒక్కో ప్రభ దగ్గర ఒక్కో ఊరి మైకు, ఎవరి పాట వాళ్లది. నాలుగు ప్రభల మధ్య నిలబడితే చెవిలో నాలుగు సినిమాలు ఆడతాయి. ఆ గోలలో కూడా పద్యం మొదలైతే తెలిసిపోయేది. డప్పులూ గిటార్లూ ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే, మాట ఒక్కటి వాటి మధ్యలోంచి నడిచి వచ్చేది. వాయిద్యం తక్కువ, అక్షరం ఎక్కువ కాబట్టి. శాస్త్రం అడిగితే నేను చెప్పలేను, చెవి చెప్పింది చెప్తున్నాను.

చివరగా భగవద్గీత.

1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 1971లో అమెరికా, ఇంగ్లండు, జర్మనీ తిరిగి పాడి వచ్చారు. అప్పటికే గుండె జబ్బు, మధుమేహం. ఆ ఆరోగ్యంతోనే గీత రికార్డు చేశారు. పక్కన సహాయకుడు పట్రాయని సంగీతరావు గారు, తన గురువు కొడుకు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పోయారు. యాభై ఒక్కేళ్లు. ఈ తరానికి ఆ వయసు చెప్తే ఉలిక్కిపడతారు, ఎందుకంటే ఆ గొంతు వాళ్లకి ఎప్పుడూ పెద్దాయన గొంతే.

గీత వచ్చేసరికి మూడు నిమిషాల ప్లేటు పోయింది. పక్కకి ఇరవై నిమిషాలు పట్టే పెద్ద ప్లేటు. కావలసినంత చోటు దొరికింది, రాగం తీసుకోవచ్చు. తీసుకోలేదు. ఏడు వందల శ్లోకాల్లోంచి ఏరుకున్నవి, రకరకాల రాగాల్లో, శ్లోకం అయిన వెంటనే తెలుగులో తాత్పర్యం. తాత్పర్యం పాట కాదు, మాట. నా దృష్టిలో ఆ రికార్డుకి ప్రాణం ఆ మాటే. చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు గమనించండి. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు, ఫ్రీజర్ పెట్టె, దాని పక్కన స్టూలు మీద చిన్న స్పీకరు. శ్లోకం వస్తున్నంతసేపూ కుర్చీల్లో మాటలు సాగుతూనే ఉంటాయి: ఎప్పుడు పోయారు, పెద్దకొడుకు బయలుదేరాడా, ఏ ఊళ్లో విమానం దిగుతాడు, కట్టెలు చెప్పారా. తాత్పర్యం మొదలవగానే మాటలు ఆగుతాయి. ఎవరూ ఎవర్నీ ఆపమనరు. మళ్లీ శ్లోకం, మళ్లీ మాటలు. సంస్కృతం దేవుడికి, తెలుగు కుర్చీలకి.

ఇంత పెద్ద పని దొరికిన పాట తెలుగులో ఇంకోటి లేదు. ఆ పని దానికి చేటు కూడా చేసింది. తెల్లవారుజామున ఏ ఇంట్లోంచైనా ఘంటసాల గీత వినపడితే, ఎవరు పోయారని వాకిట్లోకి వచ్చి చూస్తారు. బతికున్నవాడికి యుద్ధం చెయ్యమని చెప్పిన పుస్తకం అది. దాన్ని శవం దగ్గర తప్ప వినకూడదన్న చోటికి తెచ్చాం. కొందరు ఇంట్లో ఆ సీడీ ఉంచుకోవడానికే భయపడతారు. ఆయన ఇది ఊహించి ఉండడు. హిట్టయ్యాక పాట మీద గాయకుడికి ఏ హక్కూ మిగలదు. జనం తమ అవసరానికి తీసుకెళ్లిపోతారు.

ఇందాక వచ్చేటప్పుడు ఒక మిత్రుడు అడిగారు, ఇన్ని మాటలెందుకు, ఒక్కటి చెప్పండి, ఘంటసాల అన్నిటికన్నా పెద్ద హిట్టు ఏది అని. పని లెక్కన అయితే గీత, దానికి పోటీ లేదు. నా ఇష్టం లెక్కన అయితే 'కుంతీకుమారి'. పుష్పవిలాపంలో పూలు మాట్లాడాలి, అది కొంత వేషం. ఇందులో ఒక ఆడపిల్ల బిడ్డతో మాట్లాడుతుంది, గాయకుడు మగవాడు, అయినా మనకి ఆ తేడా గుర్తుకు రాదు. ఆయన ఆడగొంతు పెట్టలేదు, ఏడవలేదు. పద్యం చెప్పాడంతే.

నా తరవాత మన మాచర్ల, గురజాల వైపు నుంచి వచ్చిన కళాకారులు పద్యాలు పాడతారని కార్యక్రమంలో వేశారు. హార్మోనియం ఆయన ఇప్పటికే రెండుసార్లు నా వైపు చూశారు. వారు ఘంటసాల బాణీలో పాడతారో, తమ గురువుల బాణీలో పాడతారో నేను అడగలేదు. కాటి సీను ఉందని మాత్రం విన్నాను. జాషువా గారి పద్యం వస్తే కవి పేరు ముందు చెప్పమని వారిని కోరుతున్నాను. రాగం ఎంత తియ్యాలో వారి ఇష్టం, వన్స్‌మోర్ కొట్టాలో వద్దో మీ ఇష్టం.